టీకా ఎవరి గడప తొక్కింది?

మన ఊళ్లలో యాభై దాటిన చాలామంది జబ్బ మీద టీకా మచ్చ కనిపిస్తుంది. దొరకూ కూలికీ అదే మచ్చ. మశూచి సోకితే అమ్మవారు పోసిందని పోచమ్మకు మొక్కుకున్న పల్లెల్లోకే 1962లో మొదలైన నిర్మూలన కార్యక్రమం టీకా పట్టుకుని నడిచి వెళ్లింది. 1977లో దేశానికి మశూచి పీడ వదిలిందని ప్రకటించారు.

ఆ గెలుపులో మందుకూ వాటా ఉంది. పొడిగా ఆరబెట్టిన ఆ టీకా ఎండకు తొందరగా చెడదు. రెండు మొనల సూదితో గుచ్చడం ఎవరైనా త్వరగా నేర్చుకోవచ్చు. తర్వాతి డీపీటీ, పోలియో, తట్టు టీకాలకు ఈ వెసులుబాటు లేదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. 1978లో, మళ్లీ 1985లో పిల్లల టీకా కార్యక్రమాలు దేశంలో మొదలయ్యాయి. కరెంటు, రోడ్డు ఉన్న ఊరు ముందు, లేని గూడెం తర్వాత అయ్యాయి. అసమానత అక్కడ పుట్టిందనే నా నమ్మకం.

1997లో హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను చవకగా తెచ్చింది. నగరం ప్రపంచానికి టీకాలు పంపసాగింది. ఇంట్లో మాత్రం లెక్క తిరగబడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 1998-99లో సుమారు 59 శాతం ఉంటే, 2005-06 నాటికి 46కు పడిపోయారు! పోలియో చుక్కలు వేయడానికి మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. బుధవారాల్లో వేసే టీకా సూదిమందుకు మాత్రం తల్లే కూలి మానుకుని రావాలి.

టీకాకు అడ్డంకి ప్రాంతానికో తీరు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడదీశారు. కొత్తవాటిలో భూపాలపల్లికి పలిమెల వైపు అడవి, గోదావరి అడ్డం. మహబూబాబాద్‌లో లంబాడీ తండాలు, గంగారం, కొత్తగూడ వైపు కోయగూడేలు. జనగామకు దారి బాగుంది, పక్కనే హైవే. అక్కడి చిక్కు వేరు. పట్నం పనికి పోయిన కూలి బిడ్డ పేరు ఊరి రిజిస్టర్‌లోనే ఉంటుంది, బిడ్డ మాత్రం కట్టడాల దగ్గర.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం తల్లుల కోసం తెచ్చిన కేసీఆర్ కిట్ పథకం, తానిచ్చే సొమ్ములో రెండు విడతలను టీకాలకే ముడిపెట్టింది: మూడున్నర నెలలవి పూర్తయితే 2,000, తొమ్మిదో నెలవి వేయిస్తే 3,000 రూపాయలు. కూలి పోగొట్టుకున్న తల్లికి అది దయ కాదు, బాకీ. 2019-21 సర్వేలో తెలంగాణ సుమారు 79 శాతానికి చేరింది.

మీ వీధిలో కట్టుబడి పనికొచ్చిన కుటుంబం ఉంటే, టీకా కార్డు ఏ ఊరిదైనా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారని చెప్పండి.