హాథార్న్ గదిలో కబుర్లు

ఉద్యోగుల నడుమ సుహృద్భావం గురించి ఎవరు ప్రసంగించినా షికాగో శివార్లలోని హాథార్న్ కర్మాగారం ప్రస్తావన రాక మానదు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1927లో అయిదుగురు యువతులను ప్రత్యేకమైన గదిలో కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు బిగింపజేసింది. క్రమంగా విరామాలిచ్చింది, ఫలహారం పెట్టింది, కబుర్లాడుకోనిచ్చింది. ఉత్పత్తి పెరిగింది. ఆదరణే దీనికి కారణమని ఎల్టన్ మేయో ప్రభృతులు గ్రంథాలు వ్రాశారు.

నా మనసు మాత్రం 1928 జనవరి దగ్గర ఆగిపోతుంది. మరీ ఎక్కువగా మాట్లాడుతున్నారని, సహకరించడం లేదని ఆ అయిదుగురిలో ఇద్దరిని తప్పించి, వేరే ఇద్దరిని తెచ్చి కూర్చోబెట్టారు. స్నేహానికి నిదర్శనంగా లోకం చెప్పుకొనే గది ఇదేనండీ! పైగా అంతకుముందు పెద్ద శాఖ లెక్కలో కలిసిపోయే వారి వేతనాన్ని ఈ చిన్న బృందం ఉత్పత్తికే ముడిపెట్టారు. పక్కమనిషి చేతివేగం తన జీతంలో కనబడుతుంటే ఆ చనువు ఎటువంటిదో ఊహించుకోవచ్చు.

1931 చివరలో అక్కడే మరో గదిలో పద్నాలుగుమంది పురుషులను పరిశీలించారు. రోజుకింతేనని వారు తమలో తాము కట్టుబాటు చేసుకున్నారు. మించి పనిచేసినవాడి జబ్బమీద గుద్దేవారు. ఆ గదిలో చెలిమికి కొదవలేదు, ఉత్పత్తి మాత్రం పెరగలేదు. దాన్ని ఏ ప్రసంగంలోనూ తలవగా నేను వినలేదు.