యోని స్పాంజి (గొర్రెలు, మేకలు)

మందలోని ఆడజీవాలను ఒకేసారి ఎదకు తెచ్చేందుకు యోనిలో అమర్చే హార్మోన్ సాధనం. 1960లలో ఆస్ట్రేలియాలో టి. జె. రాబిన్సన్ పరిశోధనలతో వాడుకలోకి వచ్చింది.

పనితీరు: పాలియురేథేన్ స్పాంజికి ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్ పట్టించి ఉంటుంది. గొర్రెల్లో సాధారణంగా 12–14 రోజులు ఉంచుతారు. అంతకాలం ఎద ఆగుతుంది. తీసిన ఒకటి రెండు రోజుల్లో ఎక్కువ జీవాలు ఎదకొస్తాయి.

యోనిపై ప్రభావం: స్పాంజి స్రావాలను పీల్చుకొని, బయటికి పోనివ్వదు. నిలిచిన తేమలో ఈ.కోలై వంటి పేగు బ్యాక్టీరియా పెరిగి యోనివాపు వస్తుంది. దారం పట్టి లాగగానే దుర్వాసనతో చిక్కటి స్రావం, ఒక్కోసారి రక్తపు చారలతో, జారుతుంది. చాలా జీవాల్లో ఇది కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అరుదుగా స్పాంజి గోడకు అతుక్కుపోతుంది. దారం తెగితే లోపలే ఉండిపోవచ్చు. న్యూజిలాండ్‌లో రూపొందిన సిలికాన్ సాధనం సీఐడీఆర్ స్రావాలను పీల్చుకోదు కనుక వాపు తక్కువ.

జాగ్రత్తలు: అమర్చే గొట్టాన్ని ప్రతి జీవానికీ క్రిమిరహిత ద్రావణంలో కడగాలి; చేతికి తొడుగు ఉండాలి. ఇంకా పొట్టేలు దాటని పిల్లలకు స్పాంజి తగదు. స్పాంజికి యాంటీబయాటిక్ పూయడం మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. స్రావం ఆగకపోయినా, జీవం మేత మానినా పశువైద్యుడికి చూపించాలి.