గుర్రపు లద్దితో తెచ్చిన వసంతం

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి పచ్చిబఠాణీ అంటే ప్రాణం. 1660 జనవరిలో, నడి చలికాలంలో, ఇటలీలోని జెనోవా నుంచి ఒక బుట్టెడు బఠాణీలు ఆయన ముందుకొచ్చాయి. ఆస్థానమంతా అబ్బురపడింది.

అంత దూరం నుంచి తెప్పించడం దేనికి, ఇక్కడే పండిస్తానన్నట్టు పనిచేశాడు రాజుగారి తోటమాలి లా కాంతినీ. 1678-83 మధ్య వెర్సాయ్‌లో బురదగుంట పూడ్చి, సుమారు 9 హెక్టార్లలో రాజుగారి కూరగాయల తోట వేశాడు. జనవరిలో లెట్యూస్, మార్చి చివర స్ట్రాబెర్రీ, ఏప్రిల్‌లో బఠాణీ అందించాడు.

ఆయన బలమంతా గుర్రపుశాలలోనే ఉంది. గడ్డితో కలిసిన పచ్చి లద్దిని కుప్ప పోస్తే, కుళ్లుతూ వేడెక్కుతుంది. మొదటి రోజుల్లో ఆ వేడికి మొక్కల వేళ్లు మాడిపోతాయి. అది కాస్త తగ్గాక, పైన మాగిన ఎరువుమట్టి పరిచి విత్తనం చల్లి, గాజు మూత వేస్తారు. రాత్రి దానిమీద గడ్డిచాప. ఎండ వచ్చాక మూతను కాస్త ఎత్తి గాలి ఆడనివ్వాలి. ఒక్కపూట ఏమరుపాటుతో మడి మొత్తం పోవచ్చు.

19వ శతాబ్దంలో ఈ విద్య పారిస్ తోటమాలుల చేతుల్లో పండింది. వాళ్లను ‘మారెషే’ అంటారు. చిత్తడి నేల అనే మాట నుంచి వచ్చిన పేరది. నగరంలో బళ్లు లాగే గుర్రాల లద్దే వాళ్ల పెట్టుబడి. ఒకే మడిలో ముల్లంగి, లెట్యూస్, క్యారెట్ కలిపి వేసేవారు. ముందు ముల్లంగి పీకితే లెట్యూస్‌కు చోటు. అది కోశాక క్యారెట్ ఊరేది. ఒక తోటమాలి 2.7 ఎకరాల్లో ఏడాదికి రెండున్నర లక్షల పౌండ్ల కూరగాయలు తీశాడని రష్యన్ రచయిత క్రొపోత్కిన్ రాశాడు. అంతకంటే గొప్పగా తోచేది మరొకటుంది: కౌలు వదిలి వెళ్లేటప్పుడు తాను తయారుచేసుకున్న మట్టిని కొంత లోతు వరకు తవ్వి తీసుకుపోయే హక్కు మారెషేకు ఒప్పందంలోనే ఉండేదట. నేల భూస్వామిది, మట్టి మాత్రం రైతుది! శ్రమకు ఇంతకన్నా న్యాయమైన లెక్క అరుదు.

మోటారుబళ్లు వచ్చాక గుర్రాలు పోయాయి, లద్ది పోయింది. నగరం పెరిగి తోటల మీద ఇళ్లు లేచాయి. అయినా విద్య చావలేదు. అమెరికాలో మంచు దట్టంగా కురిసే మేన్ రాష్ట్రంలో చలికాలపు సాగు చేసి చూపిన ఇలియట్ కోల్మన్, పారిస్ మారెషేల దగ్గరే పాఠం నేర్చుకున్నానని చెప్పుకున్నాడు.

చలి దేశాల్లో పెరడున్న తెలుగువాళ్లకూ ఈ పాఠం అక్కరకొస్తుంది. నాలుగు చెక్కలు, పాత కిటికీ అద్దం ఉంటే గాజు మడి సిద్ధం. బఠాణీ, ముల్లంగి, పాలకూర కొద్దిపాటి మంచును తట్టుకుంటాయి. నేల చేతికి అంటకుండా విడివడగానే వేయొచ్చు. గోంగూర, వంగ మాత్రం ఇంట్లోనే నారు పోసుకుని, ఆఖరి మంచు దాటాకే బయట నాటాలి.