ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్: లోపం ఎక్కడో తేల్చుకోవడం ఎలా?

చదువుకు, సినిమాలకు, కార్యాలయ పనులకు గంటల తరబడి నిక్షేపంగా పనిచేసే డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆట మొదలైన పది నిమిషాలకే ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. ఈ సమస్యతో దుకాణానికి వెళితే తరచూ వినిపించే మాట, ‘గ్రాఫిక్స్ కార్డు పోయింది’ అని. వేల రూపాయలు పోసి కొత్త కార్డు కొన్నాక కూడా కంప్యూటర్ అలాగే ఆగిపోతే ఆ ఖర్చంతా వృథా. కొత్త కార్డు పాతదానికన్నా శక్తిమంతమైనదైతే సమస్య ముదిరినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి పూర్తి సామర్థ్యంతో పనిచేసే సందర్భం సాధారణ గృహ వినియోగంలో దాదాపు ఆటలు ఆడేటప్పుడే వస్తుంది. విద్యుత్ వినియోగం, వేడి అప్పుడే గరిష్ఠ స్థాయికి చేరతాయి. ఆ స్థితిలో కంప్యూటర్‌ను ఆపివేసేది చాలాసార్లు ఏదో ఒక రక్షణ వ్యవస్థే. సరఫరాను తెంచింది యూపీఎస్సా, కేబినెట్‌లోని ఎస్‌ఎంపీఎస్సా, వేడి మితిమీరి మదర్‌బోర్డా అన్నది ముందుగా తేలాలి.

ఆనవాలు కంప్యూటర్ ఆగిన క్షణంలోనే దొరుకుతుంది. మానిటర్, సీపీయూ ఒకే యూపీఎస్‌పై ఉన్నప్పుడు రెండింటి దీపాలూ కలిసి ఆరిపోతే యూపీఎస్‌ను అనుమానించాలి. మానిటర్ దీపం వెలుగుతూ తెరపై ‘నో సిగ్నల్’ అని కనిపిస్తే దృష్టి ముందుగా కేబినెట్ లోపలికి మళ్లాలి. పవర్ బటన్ నొక్కినా స్పందన లేక, వెనుక స్విచ్ కట్టేసి కాసేపాగి వేస్తేనే మళ్లీ ప్రాణం వస్తే, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకున్నదనడానికి అది బలమైన సూచన.

విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరిచినవారికి ‘కెర్నల్-పవర్ 41’ అనే నమోదు కనిపిస్తుంది. చాలామంది దీన్నే కారణమని పొరబడుతుంటారు. యంత్రం సక్రమంగా మూతపడలేదని మాత్రమే అది చెబుతుంది. దొంగతనం జరిగిందన్న ఫిర్యాదులాంటిదే తప్ప, దొంగ పేరు అందులో ఉండదు.

మన ఇళ్లలో విరివిగా కనిపించే 600 వీఏ యూపీఎస్ అసలు సామర్థ్యం సాధారణంగా 360 వాట్లే. పెట్టెపై పెద్ద అక్షరాల్లో కనిపించేది వీఏ అంకె. వాట్ల అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3080 వంటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికే 320 వాట్లు కావాలి. దానికి ప్రాసెసర్, మానిటర్ తోడైతే ఆ యూపీఎస్ మోయలేదు. అంతకంటే చిన్న కార్డులతోనూ చిక్కు తప్పకపోవచ్చు. వేసవి సాయంత్రాల్లో ఏసీలు, మోటార్లు ఒక్కసారిగా నడిచి వోల్టేజీ పడిపోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారుతుంది. బ్యాటరీ పాతబడి ఉంటే, పాటలు వింటున్నప్పటి భారాన్ని మోసినా ఆటల భారానికి చేతులెత్తేస్తుంది. సరఫరా నిలకడగా ఉన్న వేళ చూసుకుని, సరైన ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గుకు సీపీయూను నేరుగా కలిపి ఆడి చూడటం ఖర్చులేని పరీక్ష. అప్పుడు ఆగకపోతే గ్రాఫిక్స్ కార్డు జోలికి వెళ్లనవసరం లేదు.

యూపీఎస్ నిర్దోషి అని తేలితే తరువాతి వంతు ఎస్‌ఎంపీఎస్‌ది. కేబినెట్‌తో కలిపి చవకగా ఇచ్చే రకాలపై ‘450 వాట్లు’ అని రాసి ఉన్నా ఆ అంకెను యథాతథంగా నమ్మడానికి లేదు. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు ప్రధానంగా ఉపయోగపడేది 12 వోల్టుల సరఫరా. లేబుల్‌పై దాని ఎదుట ఉన్న ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ 18 ఆంపియర్లని ఉంటే, దక్కేది 216 వాట్లే. పైగా గ్రాఫిక్స్ కార్డులు సెకనులో అతి స్వల్ప భాగం పాటు సగటుకన్నా ఎంతో ఎక్కువ విద్యుత్తును లాగుతాయి. ఈ కుదుపులను దృష్టిలో ఉంచుకునే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, శక్తిమంతమైన కార్డులకు ఉద్దేశించిన ఎస్‌ఎంపీఎస్‌లు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని సెకనులో పదివేలవ వంతు కాలం తట్టుకోవాలని నిర్దేశించింది. కార్డుకు రెండు విద్యుత్ సాకెట్లు ఉంటే ఒకే కేబుల్‌కున్న రెండు కొసలను కాకుండా, రెండు వేర్వేరు కేబుళ్లను వాడటం మేలు.

వేడి సంగతి కొంత భిన్నం. ఆధునిక ప్రాసెసర్లు వేడెక్కగానే ఆగిపోవు. 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ముందు వేగాన్ని తగ్గించుకుంటాయి. కాబట్టి ఆగిపోవడానికి ముందు ఆట నత్తనడక నడిస్తేనే వేడిని గట్టిగా శంకించాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉష్ణోగ్రతలను ఎప్పటికప్పుడు ఫైల్‌లో రాసిపెడుతుంది. కంప్యూటర్ ఆగిన తరువాత ఆ ఫైల్ చివరి వరుసలు చూస్తే చాలు. అంకెలు 70 డిగ్రీల దగ్గరే ఉంటే ఫ్యాన్లను నిందించి లాభం లేదు. ఎక్కువగా ఉంటే దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం, కేబినెట్‌ను గోడకు దూరంగా జరపడం చేయాలి. బ్లోవర్‌తో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి. మే నెలలో గది వేడి 38 డిగ్రీలున్నప్పుడు, జనవరిలో సవ్యంగా నడిచిన యంత్రమే మొరాయించవచ్చు.

నీలి తెర మెరిసి దానంతటదే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్ కథ వేరు. అక్కడ డ్రైవర్లను, ర్యామ్‌ను పరిశీలించాలి. ఆటోమేటిక్ రీస్టార్ట్ సెట్టింగ్‌ను తొలగిస్తే తెరపై సందేశం చదవడానికి వీలుగా నిలుస్తుంది.

పరీక్షలు మొదలుపెట్టే ముందే ముఖ్యమైన ఫైళ్లను మరో డ్రైవ్‌లోకి నకలు తీసుకోవాలి. పదేపదే ఇలా ఆగడం వల్ల తెరిచి ఉన్న ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. అది వారంటీలో ఉంటే బిల్లుతో కొన్నచోటికే తీసుకెళ్లాలి.