పది పిన్నుల ఆట – నాటి కష్టం, నేటి సులువు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన ఆఫీసు పాతకాలపు సంగతులే వ్రాద్దామనుకున్నాను. కాని మా యింట్లో జరిగిన ఒక చిన్న సంఘటన నన్ను ఎన్నడూ ఎరుగని ఒక ఆట చరిత్రలోకి దింపింది. అదే మీతో పంచుకుంటున్నాను.

మేముండేది రహమత్ నగర్‌లో. ఇంజనీరింగ్ చదువుతున్న మా మనుమడు తన పుట్టినరోజున, "తాతా, బౌలింగ్‌కు పోదాం రా" అన్నాడు. క్రికెట్ కాబోలనుకుని ఎండకు టోపీ పెట్టుకుని బయలుదేరాను. తీరా చూస్తే జూబ్లీహిల్స్ వైపు ఒక ఏసీ హాలు. నున్నటి పొడుగాటి చెక్క బాట, దాని చివర నిలబెట్టిన పది తెల్లని పిన్నులు. బరువైన బంతిని దొర్లించి వాటిని పడగొట్టాలి. పడిన పిన్నులను యంత్రమే ఎత్తి పెడుతుంది, బంతిని తిరిగి పంపుతుంది, లెక్కా అదే వేస్తుంది. నాకు 41 వచ్చాయి. మనుమడికి 142. వాడు మురిసిపోతుంటే నేను ఊరుకోలేక, "అన్నీ యంత్రాలే చేస్తుంటే ఇందులో నీ గొప్పేముంది? మా రోజుల్లో ఏదైనా కష్టపడితేగాని వచ్చేది కాదు" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్న మాట నిజమో కాదో తెలుసుకోవాలనిపించి, ఆ ఆట గురించి దొరికినంత చదివాను.

ఈ ఆటకు నేటి రూపమిచ్చింది అమెరికా. 1895లో న్యూయార్క్‌లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఏర్పడి నిబంధనలను ఒక దారికి తెచ్చింది. ఆటగాడు నిలబడే గీత నుంచి మొదటి పిన్నుకు 60 అడుగులు. పిన్ను ఎత్తు 15 అంగుళాలు. బంతి బరువు 16 పౌండ్లకు, అంటే సుమారు ఏడుంపావు కిలోలకు, మించరాదు. ఒక ఆటకు పది ఫ్రేములు. ఒకే బంతితో పది పిన్నులూ పడితే దానిని స్ట్రైక్ అంటారు. వరుసగా 12 స్ట్రైక్‌లు కొడితే వచ్చేది 300. అంతకు మించి మార్కులు లేవు. ఈ కొలతలు నేటికీ దాదాపు అవే.

మరి కొలతలు మారనప్పుడు కష్టం ఎక్కడ మారింది? బంతిలో, బాటలో, బాట మీద పూసే నూనెలో మారింది.

తొలినాళ్ళలో బంతిని లిగ్నమ్ వైటే అనే గట్టి చెక్కతో చేసేవారు. 1905లో రబ్బరు బంతి వచ్చింది. బాట కూడా చెక్కదే. దానికి లక్క పూసేవారు. పడిన పిన్నులను ఎత్తి పెట్టడానికి బాట చివర కుర్రవాళ్ళు కూర్చునేవారు. ఎగిరే పిన్నుల మధ్య, రాత్రి పొద్దుపోయేదాకా చేసే పని అది. పిన్నులను నిలబెట్టే యంత్రాన్ని 1946లో ప్రదర్శించారు. 1952 నుంచి అది హాళ్ళలోకి వచ్చింది. దానితో పిన్నులు ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా నిలబడసాగాయి. కుర్రవాళ్ళ కొలువులు మాత్రం పోయాయి.

ఇక్కడ ఆటలోని కీలకం ఒకటి చెప్పాలి. బంతి తిన్నగా పోయి నడిమి పిన్నుకు తగిలితే పదీ పడవు. కుడిచేతి ఆటగాడికి అది మొదటి పిన్నుకూ మూడవ పిన్నుకూ నడుమ, కొంచెం వాలుగా దూసుకుపోవాలి. మంచి స్ట్రైక్‌లో బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్నులనే. మిగిలిన ఆరింటినీ ఆ పిన్నులే పడగొడతాయి. కాబట్టి చివరి అడుగులలో బంతి ఎంత చక్కగా వంపు తిరిగితే అంత లాభం. గట్టి రబ్బరు బంతితో ఆ వంపు తెప్పించడానికి మణికట్టులో ఏళ్ళ తరబడి సాధన ఉండాలి.

1960లలో పాలియెస్టర్ ప్లాస్టిక్ బంతులు వచ్చాయి. 1973లో డాన్ మెక్‌క్యూన్ అనే ఆటగాడు తన బంతిని ఒక రసాయనంలో నానబెట్టి పై పొరను మెత్తబరిచాడు. మెత్తటి బంతి బాటను బాగా పట్టుకుని వంపు తిరిగింది. ఆ ఏడాది వృత్తి ఆటగాళ్ళలో ఉత్తముడిగా నిలిచాడు. అప్పటికి అది నిబంధనలకు విరుద్ధం కాదు. తర్వాత బంతి ఇంతకంటే మెత్తగా ఉండరాదని పరిమితి పెట్టారు. 1980ల ఆరంభంలో యూరిథేన్ బంతులు, 1990ల ఆరంభంలో రియాక్టివ్ రెజిన్ బంతులు వచ్చాయి. ఇవి నూనె మీద జారి, పొడి చోటు రాగానే గట్టిగా మలుపు తిరుగుతాయి.

ఇక నూనె సంగతి. మొదట్లో చెక్క అరగకుండా పూసేవారు. తర్వాత అదే ఆటను శాసించింది. నడుమ నూనె ఎక్కువగా, అంచులలో తక్కువగా పూస్తే, గురి కొంచెం తప్పినా బాటే బంతిని దారికి తెస్తుంది. పక్కకు పోయిన బంతి పొడిచోట పట్టు దొరికి తిరిగి వస్తుంది. లోపలికి పోయినది నూనె మీద జారి వంపు తగ్గించుకుంటుంది.

ఈ నూనె వల్లనే ఒక పెద్దమనిషికి జరిగినది చదివి నాకు మనసు కలుక్కుమంది. 1982 జూలై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ అలిసన్ వరుసగా మూడు ఆటలలో 300 చొప్పున, అంటే 36 స్ట్రైక్‌లతో 900 సాధించాడు. అప్పటికి ఆయన వయసు 50 దాటింది. అధికారులు వచ్చి బాటను పరీక్షించి, నూనె నిబంధనల ప్రకారం లేదని ఆ 900ను గుర్తించలేదు. సర్వీసు రిజిస్టరులోకి ఎక్కని సర్వీసు ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కరలేదు. గుర్తింపు పొందిన తొలి 900 ఘనత 1997 ఫిబ్రవరి 2న నెబ్రాస్కాలో జెరెమీ సోనెన్‌ఫెల్డ్ అనే కళాశాల విద్యార్థికి దక్కింది.

లెక్కలు చూస్తే మార్పు ఎంతో తెలుస్తుంది. అమెరికాలో 1968–69 సీజనులో గుర్తించిన 300 ఆటలు 905. 1998–99లో అవి 34,470. ముప్పై ఏళ్ళలో 38 రెట్లు! మనుషుల మణికట్లు 38 రెట్లు బలపడలేదు కదా.

ఇది చదివి, నా మాటే నెగ్గిందని సంబరపడ్డాను. కాని చరిత్ర అక్కడ ఆగలేదు. సులువు మరీ పెరిగిందని గ్రహించి, నూనెను బాట అంతటా ఇంచుమించు సమంగా పూసే కఠినమైన పద్ధతులతో పోటీలు పెట్టారు. వాటిలో గురి కొంచెం తప్పినా బాట ఆదుకోదు. మామూలు హాలులో అలవోకగా 200 దాటేవారు అక్కడ తడబడతారు. బంతికి తూకం సరిచేయడానికి వేసే అదనపు రంధ్రాన్ని 2020 ఆగస్టు నుంచి నిషేధించారు. పిన్నులకు తాళ్ళు కట్టి నిలబెట్టే యంత్రాలు వచ్చాక, ఆ ఆటలో పిన్నులు పడే తీరు వేరని 2023లో దానిని విడి విభాగం చేశారు. అంటే ఒక చేత్తో సులువు వస్తుంటే, మరో చేత్తో కష్టాన్ని తిరిగి తెస్తూనే ఉన్నారు. పైగా ఈనాటి ఆటగాడు బాట బాటకూ నూనెను అంచనా వేసి, తగిన బంతిని ఎంచుకోవాలి. ఆ విద్య రబ్బరు బంతి కాలం వారికి ఇంతగా అవసరపడలేదు.

అప్పుడు నా టైపు పరీక్ష గుర్తుకు వచ్చింది. హయ్యర్ గ్రేడుకు నిమిషానికి 45 మాటలు. ఒక్క అక్షరం తప్పితే కార్బన్ కాపీలన్నీ పాడు. కంప్యూటరు వచ్చాక తప్పు దిద్దడం క్షణం పని. అందుకని మా తర్వాత వచ్చిన పిల్లలను పనిమంతులు కారన్నాను. కాని మేము చేతితో ముట్టనైనా ముట్టని పనులు ఎన్నో వారి నెత్తిన పడ్డాయి. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. యంత్రం ఆదా చేసిన శ్రమను చూశాను గాని, అది తెచ్చిపెట్టిన శ్రమను చూడలేదు.

మరునాడు మనుమడిని కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. "నీ 142 ఆ బాట మీద, ఆ బంతితో నువ్వు కష్టపడి తెచ్చుకున్నవే. నేను అలా అనకుండా ఉండవలసింది" అన్నాను. వాడు నవ్వి, "మరి నీ 41, తాతా?" అన్నాడు. "అది కూడా నిబంధనల ప్రకారమే వచ్చింది" అన్నాను.

వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాము. ఈసారి తేలికపాటి బంతి తీసుకొమ్మని వాడి సలహా. మోకాళ్ళు సహకరించే సభ్యులు ఎవరైనా రాదలిస్తే సంతోషం.