పెరటిలో కాలయంత్రము సాధ్యమా?

1991లో సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వమున వెలువడిన 'ఆదిత్య 369' చలనచిత్రమును శ్రోతలలో పెక్కుమంది చూచియే యుందురు. అందొక శాస్త్రజ్ఞుడు నిర్మించిన కాలయంత్రము కథానాయకుని 1526వ సంవత్సరపు విజయనగరమునకు, కృష్ణదేవరాయల కొలువునకు గొనిపోవును. ఇట్టి యంత్రమనగా నేమో లోకమునకు పరిచయము చేసినది 1895లో ఇంగ్లీషు రచయిత హెచ్. జి. వెల్స్ వెలువరించిన నవల. అట్టి దానిని మనము పెరటిలో నిర్మించుకొనగలమా?

1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిమ్మట తిరుమలరాయలు ఆ విజయనగరపు కొలువును పెనుకొండకు తరలించెను. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండిన ఆ దుర్గమునందే మన ప్రశ్నకు సగము సమాధానము కలదు. భూమికి చేరువ నున్న గడియారము ఎత్తున నున్న దానికంటె మందముగా నడచునని ఐన్‌స్టీన్ సిద్ధాంతము. 1971లో హాఫెల్, కీటింగ్ అను వారు పరమాణు గడియారములను విమానములలో భూమి చుట్టును త్రిప్పి, ఎత్తును వేగమును కాలపు నడకను మార్చునని చూపిరి. లెక్క కట్టినచో, కొండ దిగువ నుండు వాని కాలము 100 మీటర్ల పైనున్న వాని కాలముకంటె ఏడాదికి సెకనులో సుమారు ముప్పది లక్షవ వంతు వెనుకబడును. అనగా దిగువవాడు ఆ మేరకు భవిష్యత్తులోనికి ప్రయాణించినట్లే! దీనికి యంత్రముతో పనియే లేదు.

వెనుకకు పోవుట మాత్రము వేరు. 1949లో గోడెల్ అను గణితశాస్త్రజ్ఞుడు, విశ్వమంతయు గిరగిర తిరుగుచున్నచో గతమునకు దారి యుండగలదని గణితరీత్యా చూపెను. మన విశ్వము అట్లు తిరుగుచున్నదనుటకు ఆధారము లేదు. దానిని త్రిప్పుట పెరటి పనిముట్లకు సాధ్యము కాదు.

అయినను గతముతో ఈ సీమకు గల అవసరము వినోదము కాదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే గల నేల యిది. 1876-78 నాటి మహాక్షామమును చవిచూచిన నేల. ఏ చెరువు ఎవరు త్రవ్వించిరి, ఏ వంక నీరు ఎటు పారెను అన్నది ఇచ్చట బ్రదుకు ప్రశ్న.

ఆ గతమునకు దారి వేసినవారు కలరు. 1800లో నిజాము ఈ దత్తమండలములను ఇంగ్లీషు కుంపిణీకి అప్పగించెను. కర్నల్ మెకంజీ యొద్ద పనిచేసిన కావలి సోదరులును, వారి వెంటి వ్రాయసగాండ్రును గ్రామకరణముల నోటను, కవిలెలనుండియు ఊళ్ల చరిత్రలను సేకరించిరి. ఆ కైఫియతులలో దేవాలయములు, మాన్యములు, చెరువులు కనబడును. గతమును చూపునది యిట్టి వ్రాతయే. దానిని మార్చు శక్తి లేదుగాని, రేపటి చెరువును ఎచట పూడిక తీయవలెనో చెప్పగల శక్తి కలదు.

కనుక మీ యూరి చెరువుకట్టపై అక్షరములు గల రాయి యున్నచో, దానిని గోడకట్టుటకు పగులగొట్టనీయకుడు. అది పగిలిన నాడు మనకున్న ఒక్క త్రోవ మూసుకొనును.