అమ్రాబాద్ చెంచులు – వైద్యపరిశోధనలో ప్రాతినిధ్యం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: పార్కిన్సన్ వ్యాధి పరిశోధనలో అల్పసంఖ్యాక సమూహాలకు తగిన ప్రాతినిధ్యం లేదన్నది నేడు ప్రపంచవ్యాప్తంగా చర్చకు వస్తున్న అంశం. అమ్రాబాద్ చెంచులను గతంలో పరిశోధకులు ఏ ప్రశ్నలతో సమీపించారో పరిశీలించి, భవిష్యత్ పరిశోధనకు అవసరమైన నియమాలను సూచించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: చెంచులు, అమ్రాబాద్, పార్కిన్సన్ వ్యాధి, సమ్మతి, పరిశోధన నీతి.

1. ఉపోద్ఘాతం

జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వర్ణించినప్పుడు ఆయనకు ఆధారం ఆరుగురు రోగులు మాత్రమే. వారిలో కొందరు లండన్ వీధులలో తారసపడినవారు. చూపునకు అందినవారితోనే శాస్త్రం మొదలవుతుందనడానికి ఇది నిదర్శనం. ఆ తరువాతి జన్యుపరిశోధనలోనూ ఐరోపా మూలాలు గలవారి సమాచారానిదే పైచేయి. ఆఫ్రికా మూలాలు గలవారిని చేర్చుకొన్న తరువాతనే, ఈ వ్యాధితో సంబంధం ఉన్న జీబీఏ1 జన్యువులోని ఒక ప్రత్యేక రూపభేదం 2023లో వెలుగుచూసింది. అంటే ప్రాతినిధ్యం న్యాయానికి సంబంధించిన విషయమే కాదు, శాస్త్రజ్ఞానానికి సంబంధించిన విషయం కూడా.

2. చెంచులు – పరిశోధకుల ప్రశ్నలు

వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల పెంటలలో ఉండి అధ్యయనం చేశాడు. ఆయన గ్రంథం 1943లో వెలువడింది. ఆయన సిఫారసుల ఫలితంగా నిజాం ప్రభుత్వం చెంచులకు ప్రత్యేక అటవీప్రాంతాన్ని కేటాయించింది. ఇక్కడ పరిశోధన ఆ సమూహానికి కొంతైనా తిరిగి ఇచ్చింది.

2003లో కివిసిల్డ్ బృందం ప్రకటించిన జన్యు అధ్యయనంలో చెంచులు, కోయల నమూనాలు ఉన్నాయి. భారతీయ గిరిజనుల, కులసమూహాల పూర్వవారసత్వం చాలావరకు ఉమ్మడిదేనని అది తేల్చింది. ఆ ప్రశ్న విలువైనదే, కాని అది మూలాలకు సంబంధించినది. రోగాలకు సంబంధించినది కాదు.

పార్కిన్సన్ పరిశోధనలో చేరేవారు ప్రధానంగా నగరాలలోని నాడీవైద్య కేంద్రాలకు వచ్చే రోగులు. మన్ననూరు నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైగా దూరం. అడవి లోపలి పెంటలో చేతులు వణికే వృద్ధుడు ఆ కేంద్రానికి చేరకపోతే వ్యాధి నిర్ధారణకే నోచుకోడు. నిర్ధారణ లేనివాడికి పరిశోధనలో చోటుండదు.

3. ఖమ్మం నేర్పిన పాఠం

చేర్చుకోవడమొక్కటే పరిష్కారం కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరిట 10–14 ఏళ్ల బాలికలకు టీకాలు వేశారు. వారిలో గిరిజన వసతిగృహాల విద్యార్థినులు అనేకులు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దానిని నిలిపివేసింది. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసినట్లు విచారణలో తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఈ అధ్యయనాన్ని తీవ్రంగా విమర్శించింది. సులువుగా దొరికేవారిని చేర్చుకోవడం ప్రాతినిధ్యం అనిపించుకోదు.

4. సమ్మతి – భాష

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం గిరిజనులపై పరిశోధన వారికి తగిన ప్రయోజనం కలిగించేదై ఉండాలి. సమూహ పెద్దలను సంప్రదించి, స్థానిక భాష తెలిసినవారి సహాయంతో సమ్మతి తీసుకోవాలి. చెంచుల మాతృభాష తెలుగే. అయినా ఆంగ్లం నుంచి యథాతథంగా దింపిన గ్రాంథిక పత్రం వారికి పరాయిదే. ‘జన్యునమూనా’, ‘ఉపసంహరణ హక్కు’ వంటి మాటలను పెంటలో మాట్లాడే తెలుగులో వివరించడం వైద్యుల పని మాత్రమే కాదు. మాండలిక పరిశోధకుల బాధ్యత కూడా.

5. ముగింపు

చెంచుల విషయంలో పరిశోధన చరిత్ర మూడు అంశాలను స్పష్టం చేస్తున్నది. మొదట వైద్యం పెంటకు చేరాలి, తరువాతే పరిశోధన. సమ్మతి వ్యక్తిదై, సమూహానికి తెలిసినదై ఉండాలి. ఫలితాలు తిరిగి పెంటకు రావాలి. ఈ మూడూ లేనప్పుడు చెంచులు మరొకసారి నమూనాలుగానే మిగులుతారు, భాగస్వాములు కాలేరు.